ఆటలో పక్కింటివాడికి మనల్ని కాదనే హక్కుండాలి

నింటెండో వాళ్ళ పాత చేతి గేమ్ యంత్రం 3డీఎస్‌ను బయటికి తీసి, మాట్లాడే జంతువులు ఇరుగుపొరుగుగా ఉండే ఊళ్ళో కాపురముండే ఆట యానిమల్ క్రాసింగ్: న్యూ లీఫ్ మళ్ళీ ఆడేవాళ్ళను చూడగానే నోస్టాల్జియా అని తేల్చేస్తారు జనం. తర్వాతి యంత్రం స్విచ్‌లో అదే సిరీస్‌లోని కొత్త ఆట న్యూ హొరైజన్స్ ఉండగా, అందులో బొమ్మ ఇంత శుభ్రంగా ఉండగా, 2012 నాటి ఆటను ఆ చిన్న తెర మీద కళ్ళు చికిలించుకుని ఆడటమేంటని వెటకారం కూడా. సూటిగా చెప్పేస్తాను, పాతదే మంచి ఆట. దానికి జ్ఞాపకాలతో పనిలేదు. ఆ ఊరు మన మాట వినదు, అందుకని.

న్యూ లీఫ్‌లో రైలు దిగగానే మిమ్మల్ని మేయర్ని చేసేస్తారు. పేరుకే మేయర్. ఆర్డినెన్సులు నాలుగుంటాయి, ఒకేసారి ఒక్కటే అమలు చేయగలరు, అదీ డబ్బు కట్టి. దుకాణాలు రాత్రి కాస్త ఆలస్యంగా మూయించగలరు గానీ అసలు మూయొద్దని శాసించలేరు. ఊళ్ళో ఏం కట్టాలన్నా పబ్లిక్ వర్క్స్ జాబితాలో మొదట కొన్నే కనిపిస్తాయి, మిగతావాటిలో చాలావరకు ఊరివాళ్ళలో ఎవరికో ఒకరికి బుద్ధి పుట్టి, మీ దగ్గరికొచ్చి ఫలానాది కడితే బాగుంటుందని అడిగితేనే చేరతాయి, ఎవరు ఏది అడుగుతారన్నది వాళ్ళ స్వభావాన్ని బట్టి ఉంటుంది. మేయర్ గారు అడిగించుకునే దాకా ఆగాలి! కొత్తగా వచ్చేవాడు ఇల్లెక్కడ కట్టుకుంటాడో కూడా మీ చేతిలో ఉండదు. మీరు అపురూపంగా పెంచుకున్న పూలతోట మధ్యలోనే ముగ్గు పోసేస్తాడు. దీన్ని తప్పించుకోవడానికి ఆటగాళ్ళు పెద్ద ఉపాయమే కనిపెట్టారు, ముందు కొత్త మనిషి పేరుతో ఊళ్ళోకి దిగి, స్థలం ఎక్కడ పడిందో చూసి, నచ్చకపోతే సేవ్ చేయకుండా కట్టేసి మళ్ళీ మొదలుపెట్టడం. ఎంత చాకిరీ అది! ఆ మొండి ఊరి కోసం అంత చాకిరీ చేశారంటేనే అది వాళ్ళకెంత ముఖ్యమో తెలుస్తోంది.

ఇక వెళ్ళిపోవడం. పదిమంది దాకా ఉండే ఊళ్ళో ఎవరో ఒకరు ఫలానా తేదీన వెళ్ళిపోతున్నానంటారు. ఆ మాట చెవిన పడితే బతిమాలి ఆపుకోవచ్చు. కొన్ని వారాలు ఆట ముట్టుకోకపోతే మాత్రం తిరిగొచ్చేసరికి ఇల్లుండాల్సిన చోట ఖాళీ స్థలం ఉండొచ్చు. న్యూ హొరైజన్స్‌లో ఈ బాధ లేదు, మీరు సరేననకుండా ఎవరూ తమంతట తాము కదలరు, ఏడాది తర్వాత వచ్చినా అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు. ఇళ్ళు మీరు చూపించిన చోటే, కొండలూ కాలవలూ మీరు గీసినట్టే. అందులో ఊరికి బదులుండే ద్వీపం చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. ఉన్నవాళ్ళు మాత్రం షోకేసులో బొమ్మలు.

ఇది ఒక్క సిరీస్ గొడవ కాదు. ఇంకా పాత చేతి యంత్రం గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద 2003లో వచ్చిన వ్యవసాయం ఆట హార్వెస్ట్ మూన్: ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్ చూడండి. మంగళవారం సూపర్‌మార్కెట్ మూసేస్తారు, విత్తనాలు కావాలంటే ముందే గుర్తుండాలి, లేదంటే మీ ఖర్మ. ద్రాక్షతోటలో పనికి క్లిఫ్‌ను మీరు పిలవకపోతే అతను ఊరొదిలి వెళ్ళిపోతాడు. అన్నిటికంటే నాకు నచ్చేది పెళ్ళిళ్ళ వ్యవహారం. మీరు మనసు పడ్డ ప్రతి అమ్మాయికీ ఊళ్ళో ఇంకో అబ్బాయి ఉంటాడు, కారెన్‌కు రిక్ ఉన్నట్టు. వాళ్ళ కథ మీ కళ్ళముందే నడుస్తుంది, మీరు పట్టించుకోకుండా ఆవుల పాలు పితుక్కుంటూ కూర్చుంటే అది పెళ్ళి దాకా వెళ్తుంది, మీరు అతిథి. అదే ఆటను 2019లో మళ్ళీ తయారుచేసినప్పుడు ఆ పోటీ పెళ్ళిళ్ళు తీసేశారు. ఇప్పుడు ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరూ మీరు ఎప్పుడు కరుణిస్తారా అని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే ఉంటారు. దీన్ని మెరుగుపరచడం అన్నారు. నాకైతే ఊరిని ఖాళీ చేసినట్టే అనిపించింది.

ఎదుటివాళ్ళ వాదన నాకు తెలుసు. రోజంతా పని చేసొచ్చినవాడికి ఆటలో కూడా కాదు, కూడదు అనిపించుకునే ఓపిక ఎక్కడుంటుంది, నెలల కష్టాన్ని ఎవడో వచ్చి తొక్కేస్తే అది సరదా ఎలా అవుతుంది అంటారు. న్యూ హొరైజన్స్ 2020 మార్చిలో, లోకమంతా ఇళ్ళలో బందీ అయిన రోజుల్లో వచ్చి ఎంతోమందిని నిలబెట్టింది, 4.5 కోట్లకు పైగా అమ్ముడైంది. న్యూ లీఫ్ దాని దరిదాపుల్లో లేదు. ఒప్పుకుంటాను. కానీ అమ్మకాలు చెప్పేది ఎంతమంది కొన్నారన్నదే. ద్వీపాన్ని అంగుళం వదలకుండా తీర్చిదిద్దాక ఇంకేం చేయాలో తోచక ఎంతమంది పక్కన పడేశారో అవి చెప్పవు.

ఈ సిరీస్‌కు మూలపురుషుడు కత్సుయా ఎగుచి. చిబా నుంచి క్యోటోకు ఉద్యోగానికి వచ్చి, ఇంటివాళ్ళకూ స్నేహితులకూ దూరమైన ఒంటరితనం లోంచే ఈ ఆలోచన పుట్టిందని ఆయనే చెప్పారు. ఒంటరిగా ఉన్నవాడికి కావాల్సింది తోడు, తలాడించే బంట్లు కాదు. తోడు అన్నాక అవతలి మనిషికి సొంత పనులుంటాయి, సొంత కోపాలుంటాయి, మన తప్పు మన మొహం మీదే అంటాడు. సేవ్ చేయకుండా ఆట కట్టేస్తే నేలలోంచి లేచొచ్చి తిట్టే ఆ రెసెట్టి అనే ఎలుక లాంటి జీవిని తలుచుకోండి, తొలి ఆటల్లో ఒక్కోసారి క్షమాపణ టైప్ చేస్తే గానీ వదిలేవాడు కాదు. న్యూ హొరైజన్స్‌లో ఆటోసేవ్ వచ్చి అతని ఉద్యోగం పోయింది.

అసలు నాకు ఆటల కంటే పెద్ద బెంగ ఇంకోటుంది. ఫోన్లో ఉన్న ప్రతి యాప్ మనకు నచ్చేదే చూపిస్తోంది, ప్రతి చాట్‌బాట్ ఎంత మంచి ప్రశ్న అడిగారండీ అంటోంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ కంపెనీ తన చాట్‌జీపీటీని నడిపే జీపీటీ-4ఓ అప్‌డేట్ ఒకదాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే అది మరీ భజన చేస్తోంది. భజన తగ్గించమని జనమే గోల పెట్టాల్సి వచ్చిందంటే ఎంత దూరం వచ్చామో చూడండి. ఇవాళ ఒంటరి మనిషికి కంపెనీలు అమ్ముతున్న తోడు ఇదే, అలగదు, విసుక్కోదు, వెళ్ళిపోతానని ఎప్పుడూ అనదు. రోజంతా దీనితో మాట్లాడినవాడికి రేపు నిజంగా విసుక్కునే మనిషి ఎదురైతే టెన్షన్ పుట్టకుండా ఉంటుందా? ఒక పాత హ్యాండ్‌హెల్డ్ ఆట దీన్ని నయం చేస్తుందని నేననను. నచ్చనిది జరిగాక కూడా మర్నాడు అదే ఊరికి వెళ్ళి అందరినీ పలకరించే అలవాటు మాత్రం అందులో ఉంది, ఈ కొత్త సరుకులో లేదు.

ఆ ఊళ్ళు ఇంకా బతికే ఉన్నాయి, అదొకటి నయం. 3డీఎస్ ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆగిపోయింది, దాంతో న్యూ లీఫ్‌లో కలలో వేరేవాళ్ళ ఊరు చూసొచ్చే సదుపాయం పోయింది. కార్ట్రిడ్జ్‌లోని మన ఊరికి మాత్రం ఏ సర్వరూ అక్కర్లేదు.

తర్వాతి యానిమల్ క్రాసింగ్ ఎప్పుడొచ్చినా నేనడిగేది ఒక్కటే, ఊరివాళ్ళకు చెప్పి వెళ్ళే, చెప్పకుండా వెళ్ళే స్వేచ్ఛ తిరిగివ్వండి. తట్టుకోలేని వాళ్ళ సంగతేంటంటే దానికి దారి న్యూ లీఫే చూపించింది. రెసెట్టి తిట్లు కావాలనుకున్న మేయర్లు అతనికి ఆఫీసు కట్టించుకున్నారు, వద్దనుకున్నవాళ్ళు కట్టించలేదు. అలాగే ఒక బటన్ పెట్టండి, ఇష్టం లేనివాళ్ళు ఆపేసుకుంటారు, కాకపోతే ఆట కొన్న మొదటి రోజు అది ఆన్‌లోనే ఉండాలి.