ఒక్క కిటికీ ఊచలైనా లోపలి నుంచి తెరుచుకోవాలి

బెంగళూరులో కేఆర్ పురం దగ్గర మేం అద్దెకుంటున్న ఇంటి పడగ్గది కిటికీ గ్రిల్‌లో ఒక పక్క భాగం తలుపులా తెరుచుకునేలా చేసి ఉంది. ఇల్లు కట్టించినప్పుడు ఎవరో ముందుచూపుతోనే పెట్టించినట్టున్నారు. మేం వచ్చి నాలుగేళ్లయింది, నేను దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఈ మధ్య ఒక రాత్రి కింద మీటర్ బోర్డు దగ్గర వైర్లు కాలి మెట్లదారంతా పొగ కమ్మింది, తలుపు తీస్తే నల్లగా ఏమీ కనపడలేదు, మళ్లీ మూసేసి తడి దుప్పటి గడప కింద కుక్కి అమ్మనీ పిల్లాడినీ పడగ్గదిలోకి తీసుకెళ్లాను. అప్పుడు గుర్తొచ్చింది ఆ గ్రిల్ తలుపు. ఫోన్ లైటు వేసి చూస్తే దానికో చిన్న తాళం, తుప్పు పట్టి ఎర్రగా ఉంది. బందుల మీద ఎనామిల్ పెయింటు మూడు నాలుగు పూతలు గడ్డకట్టి తలుపూ చట్రమూ ఒకటైపోయాయి. గుంజాను, తన్నాను, కదల్లేదు. మా అదృష్టం, కింది పోర్షన్ వాళ్లు మెయిన్ ఆపేశారు, పది నిమిషాల్లో పొగ పోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు ఓనర్ని తాళంచెవి అడిగితే, అదెప్పుడో పోయింది, ఇన్నాళ్లూ దాంతో పనేం పడింది అన్నారు.

ఆ రాత్రి నుంచి నా మనసులో ఉన్న మాట ఒక్కటే. ఊచలు తీసేయమని నేను అనడం లేదు. దొంగల భయం నిజం, పిల్లలు పడిపోతారన్న భయం ఇంకా నిజం. కానీ ప్రతి ఇంట్లో, పడుకునే గదుల్లో కనీసం ఒక్క కిటికీ గ్రిల్ తాళంచెవి లేకుండా, స్పానర్ లేకుండా, చీకట్లో కూడా లోపలి నుంచి తెరుచుకోవాలి. అద్దె ఇల్లయినా, పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) అయినా, సొంత ఫ్లాటయినా ఇదే మాట.

మనవాళ్లకి ఊచలంటే ఏ అనుమానమూ ఉండదు, ఎందుకంటే ఊళ్లో ఇళ్లకీ అవే ఉండేవి. మా తాతగారింట్లో చెక్క కిటికీకి నిలువు ఊచలుండేవి, వాటిని పట్టుకుని వీధిలోకి చూస్తూ పెరిగాం. కానీ ఆ ఇంటికి వీధి తలుపు ఉంది, పెరటి తలుపు ఉంది, మధ్యలో ఆకాశం కనిపించే మండువా ఉంది. వంటింట్లో నిప్పు రాజుకుంటే ఇటు నుంచో అటు నుంచో బయటపడొచ్చు, కిటికీతో పనే లేదు. అవే ఊచలు తెచ్చి మూడో అంతస్తులో, ఒకే తలుపు, ఒకే మెట్లదారి ఉన్న ఇంటికి బిగించాం. ఇప్పుడు ఆ ఊచలు చేసే పని వేరు. ఇంకా బాల్కనీకి నిలువెత్తు గ్రిల్, బట్టలుతికే యుటిలిటీకి గ్రిల్, తలుపు ముందు ఇంకో ఇనప తలుపు, దానికి లోపల తాళం. రాత్రి పది దాటాక మన ఇళ్లలో చాలావరకు ఇదే పరిస్థితి.

2021 సెప్టెంబరు 21న బెంగళూరులోనే, దేవరచిక్కనహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో మంటలు లేచాయి. బాల్కనీలో ఒకావిడ, ముందు గ్రిల్, వెనక మంటలు. ఎదురు బిల్డింగుల్లోంచి జనం చూస్తూనే ఉన్నారు, ఫోన్లలో తీసిన ఆ దృశ్యాలు చాలామంది చూసే ఉంటారు. తల్లీ కూతురూ ఇద్దరూ చనిపోయారు. అప్పుడు రెండు రోజులు అందరం మాట్లాడుకున్నాం, తర్వాత మర్చిపోయాం. ఆ వారంలో ఎంతమంది తమ బాల్కనీ గ్రిల్‌కి ఒక గేటు పెట్టించారు? నేనైతే పెట్టించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

2019 డిసెంబరులో ఢిల్లీ అనాజ్ మండీలో ఒక ఫ్యాక్టరీలో తెల్లవారుజామున మంటలు లేచి, అక్కడే పడుకున్న 43 మంది కార్మికులు చనిపోయారు. లోపలికి వెళ్లడానికి ఫైర్ సిబ్బంది కిటికీ ఊచలు కోయాల్సి వచ్చింది. ఊచ కోయడమంటే మాటలు కాదు, కటర్ కావాలి, నిచ్చెన మీద నిలబడాలి, ఒక్కో ఊచా పైనా కిందా కోయాలి. అంతసేపూ లోపలున్నవాళ్లు పొగ పీలుస్తూనే ఉంటారు. నిప్పు కన్నా పొగే ముందు చంపుతుందని అందరం వింటాం కానీ దాని అర్థం పట్టించుకోం. పరుపుల్లో ఫోము, సోఫా, ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లు లేవకుండానే పోతారు. మేలుకున్నవాళ్లకి ఉండేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో తాళంచెవి వెతుక్కోవాల్సి వస్తే ఆ తాళం ఉన్నా లేనట్టే.

సికింద్రాబాద్ సంగతి 2022 సెప్టెంబరుది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్. కింద రాజుకున్న మంట తాలూకు పొగ మెట్లదారి పట్టుకుని పైకి పాకింది. 8 మంది చనిపోయారు, కొందరు కిటికీల్లోంచి దూకి, పైపులు పట్టుకుని దిగి బయటపడ్డారు. ఇప్పుడు మీ బిల్డింగు కింద చూడండి. స్తంభాల మధ్య బండ్లు పెట్టుకునే స్టిల్ట్ పార్కింగ్, మెట్ల పక్కనే మీటర్లు, ఆ పక్కనే చార్జింగుకి పెట్టిన బండి. నిప్పు పుట్టడానికి వీలున్నవన్నీ మనం దిగాల్సిన దారిలోనే ఉన్నాయి. మెట్లదారి పొగ గొట్టమైపోతే ఇక మిగిలేది కిటికీ.

మరి మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంటే మాత్రం ఎక్కడికి పోతాం అని మా బావగారు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. పదో అంతస్తులో కిటికీ దారి కాదు, అక్కడ మెట్లు, మంట లేస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, మంటని ఆపే ఫైర్ డోర్లు సరిగ్గా ఉండడమే దారి. కానీ మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ లోపలి వీధుల్లో మనవాళ్లు ఉండేవి ఎక్కువగా మూడు నాలుగు అంతస్తుల బిల్డింగులు. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఉంటేనే హైరైజ్ కింద లెక్క, కఠినమైన నిబంధనలు ఎక్కువగా వాటికే. ఈ చిన్న బిల్డింగుల్లో కిటికీ కింద సజ్జా ఉంటుంది, పక్కింటి టెర్రస్ చెయ్యి చాపితే అందేంత దగ్గరుంటుంది, కింద నుంచి నిచ్చెన వేస్తే అందుతుంది. దూకమని కాదు. ఆ సజ్జా మీద నిలబడి గాలి పీల్చుకున్నా బతుకుతాం, నిచ్చెన మీద వచ్చిన మనిషి పిల్లాణ్ని ఎత్తుకోవాలన్నా ఊచలు అడ్డం లేకపోతేనే కదా.

అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే ఇళ్ల నిర్మాణ కోడ్‌లో దీనికి స్పష్టమైన రూలుంది. పడుకునే ప్రతి గదికీ బయటపడే కిటికీ లేదా తలుపు ఒకటి ఉండాలి. తెరిచాక ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి, మొత్తం మీద 5.7 చదరపు అడుగులకి తగ్గకూడదు. అంటే వెడల్పు 20 అంగుళాలే ఉంటే ఎత్తు 41 దాకా కావాలి. కిటికీ అడుగు నేల నుంచి 44 అంగుళాల కన్నా పైన ఉండకూడదు. ఆ కిటికీకి ఊచలు పెట్టుకోవచ్చు, కాదనలేదు. కాకపోతే అవి తాళంచెవి, పనిముట్టు, ప్రత్యేకమైన కిటుకు ఏవీ అక్కర్లేకుండా, మామూలుగా పట్టే బలంతోనే లోపలి నుంచి తెరుచుకోవాలి. న్యూయార్క్‌లో పదేళ్లు, ఆ లోపు పిల్లలున్న ఫ్లాట్లలో కిటికీలకి గార్డులు పెట్టాలన్న చట్టం ఉంది, కానీ ఫైర్ ఎస్కేప్ మెట్ల మీదకి తెరుచుకునే కిటికీకి పెట్టకూడదు. పిల్లల రక్షణా, బయటపడే దారీ రెండూ ఒకే ఇంట్లో ఎలా కుదురుతాయో అక్కడ తేల్చుకున్నారు.

ఇది మన వెల్డింగ్ షాపులో కాని పనేమీ కాదు. మా వీధిలో షాపు పెట్టుకున్న మదనపల్లె అతని దగ్గరికి వెళ్లాను. విషయం చెప్పగానే, "తెరుచుకునేది ఎందుకన్నా? మనకి సులభమైతే దొంగకీ సులభమే కదా" అన్నాడు. అరగంట కూర్చుని గీసుకున్నాం. గడియ లోపలి వైపు, అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టినా అందనంత దూరంలో. బయటి వైపు గడియ మీద రేకు ముక్క వెల్డింగ్. బందుల పిన్నులు బయటి నుంచి ఊడదీయకుండా చివర్లు వెల్డింగ్. చెయ్యి పైకెత్తి ఒక్కసారి పక్కకి లాగితే వచ్చే గొళ్లెం, ఏడేళ్ల పిల్లాడికి బలం సరిపోవాలి, రెండేళ్ల పిల్లకి అందకూడదు, కాబట్టి ఎత్తు చూసి పెట్టాలి. అప్పుడతను నాకు తోచని సంగతి ఒకటి చెప్పాడు. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, నాలుగడుగుల కిటికీ అయితే రెండడుగులే ఖాళీ. గ్రిల్ గేటు ఆ ఖాళీ వచ్చే వైపు పెట్టకపోతే గేటు తెరుచుకుంటుంది, ఎదురుగా అద్దం ఉంటుంది! దోమల మెష్ పలక కూడా అదే పట్టాలో అడ్డం తిరుగుతుంది. పాత చెక్క కిటికీలకి రెక్కలు బయటికి, గ్రిల్ లోపలికి ఉంటాయి కాబట్టి గేటు గదిలోకి తెరుచుకోవాలి, అక్కడ మంచమో బీరువానో ఉందంటే మళ్లీ మొదటికొస్తుంది.

మొత్తంగా ఊడి వచ్చే గ్రిల్ కన్నా బందుల మీద తిరిగేదే మంచిదని నాకనిపిస్తోంది. బోల్టులు విప్పి తీసే గ్రిల్‌ని అత్యవసర దారి అనకూడదు, అది పెయింటు వేసేవాడి సౌకర్యం. పైగా ఊడిన ఇనుము చేతుల్లోంచి జారి కింద నిలబడ్డవాళ్ల మీద పడితే ఇంకో ప్రమాదం. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇన్విజిబుల్ గ్రిల్ అని సన్నటి స్టీలు తీగలు బిగిస్తున్నారు. చూడ్డానికి అడ్డం లేనట్టుంటుంది కానీ చేత్తో తెంచలేం. అది పెట్టించుకున్నవాళ్లు స్టీలు తీగ తెగే కటర్ ఒకటి ఆ కిటికీ పక్కనే మేకుకి తగిలించుకోవాలి, టూల్ బాక్సులో అడుగున కాదు. అది కూడా గొళ్లెం ఉన్న గేటుకి సాటి రాదు, ఉన్నంతలో చేసుకునే ఏర్పాటు మాత్రమే.

అన్నిటికన్నా నాకు టెన్షన్‌గా ఉన్నది పీజీల సంగతి. ఆంధ్ర, తెలంగాణ నుంచి ఉద్యోగానికీ కోచింగుకీ వచ్చే పిల్లలు ఈ ఊళ్లో మొదట దిగేది అక్కడే. ఒక గదిలో ముగ్గురు నలుగురు, రాత్రి గేటుకి తాళం, ఆడపిల్లల పీజీ అయితే ఇంకా గట్టి తాళం, కింద వంటింట్లో పెద్ద సిలిండర్లు. 2024 జులైలో కోరమంగల పీజీలో ఒక అమ్మాయి హత్య జరిగాక, ఆగస్టులో నగరపాలక సంస్థ పీజీలకి నిబంధనలు ఇచ్చింది. సీసీ కెమెరాలు, సెక్యూరిటీ గార్డు, మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, ఫైర్ శాఖ సర్టిఫికెట్. మంచివే. కానీ సర్టిఫికెట్ కాగితం గోడకి ఉంటుంది, గది కిటికీకి నిలువు ఊచలు అలాగే ఉంటాయి. ప్రతి పడక గదికీ లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్ ఒకటి ఉంటేనే లైసెన్సు అని ఒక్క వాక్యం చేర్చాలి, తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని చేత్తో తెరిచి చూడాలి. ఓనర్లకి దీనికయ్యే ఖర్చు ఒక మనిషి దగ్గర తీసుకునే అడ్వాన్సుతో పోలిస్తే పెద్దదేం కాదు.

అద్దె ఇళ్లలో చిక్కు వేరు. గ్రిల్ ఓనర్ది, ప్రాణం మనది. కోయడానికి మనకి హక్కు లేదు, పెట్టించాల్సిన అవసరం ఆయనకి కనపడదు. ఇంట్లో దిగేముందు కుళాయిలు తిప్పి చూస్తాం, గీజర్ వేసి చూస్తాం, కావేరి నీళ్లు ఏయే రోజుల్లో వస్తాయో అడుగుతాం. అప్పుడే పడగ్గది గ్రిల్ గురించి కూడా అడగాలి, అగ్రిమెంట్లో రాయించుకోవాలి. అడ్వాన్సు ఇచ్చాక ఎవరూ వినరు, అది నా అనుభవం.

మా ఓనర్ చివరికి ఒప్పుకున్నారు, సగం ఖర్చు నాది అనే షరతు మీద. కిందటి ఆదివారం ఆ మదనపల్లె అతను వచ్చి పెయింటు గీకి, తాళం కోసి పారేసి, పాత బందులు మార్చి కొత్త గొళ్లెం పెట్టాడు. రాత్రి లైట్లు ఆర్పి ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం తెరిచి చూశాం. పిల్లాడు రెండోసారికే తీశాడు. అమ్మకి మాత్రం గొళ్లెం గట్టిగా ఉంది, రెండు చేతులతో లాగినా రాలేదు. రేపు మళ్లీ రమ్మని అతనికి ఫోన్ చేశాను.