రెస్టారెంట్ రేటింగు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రేటింగు గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. మేమిక్కడ క్షేమం. తమరు ఎప్పటిలాగే నాలుగుకీ ఐదుకీ మధ్య ఎక్కడో క్షేమంగా ఉంటారని తలుస్తాను. అంతకంటే కిందికి దిగితే తమరి మొహం చూసేవాళ్ళే ఉండరు కదా.

ఊరుగాని ఊళ్ళో మా కుటుంబం ఎక్కడ తినాలో నిర్ణయిస్తున్నది తమరే కాబట్టి, కృతజ్ఞతగా నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. తమరు లేని రోజుల్లో కొత్త ఊళ్ళో దిగితే ఎంత టెన్షనో! దారిన పోయే మనిషిని ఆపి, భోజనం ఎక్కడ బాగుంటుందండీ అని నోరు తెరిచి అడగాలి. ఆయన ఒక చోటు చెబుతాడు. పక్కనున్నాయన ఊరుకోడు, అక్కడ తింటే ఏముంది, ఫలానా చోటికి వెళ్ళండి అంటాడు. ఇద్దరూ మనల్ని వదిలేసి వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటారు. అవతల ఏ సందులోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోందో మన ముక్కు మనమే పెట్టి చూసుకోవాలి. తమరొచ్చాక నోటికీ ముక్కుకీ విశ్రాంతి దొరికింది. పాపం బొటనవేలు ఒక్కటే కష్టపడుతోంది.

ఆకలి రుచెరుగదంటారు. మా ఇంట్లో ఆకలి రేటింగు చూడందే అడుగు కదపదు. మొన్నటి ప్రయాణంలో రైలు దిగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అందరి కడుపుల్లోనూ ఎలుకలు పరిగెడుతున్నాయి. ఎదురుగానే ఒక హోటలు. అద్దం లోంచి చూస్తే ఒక ముసలాయన ప్లేటు అంచుకి మిగిలిన కూరని రొట్టెముక్కతో శుభ్రంగా తుడిచి, ఆ ముక్కని కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అమ్మ తలుపు తోసి ఒక కాలు లోపల పెట్టింది కూడా.

"ఆగమ్మా!" అని తమ్ముడు కేక పెట్టాడు. "మూడు పాయింటు ఎనిమిది!"

అమ్మ ఆ కాలు వెనక్కి తీసేసుకుంది. రోడ్డు పక్కనే నిలబెట్టి తమ్ముడు మాకు తమరి సేవకుల తీర్పులన్నీ చదివి వినిపించాడు. "పార్కింగ్ లేదు, ఒక స్టార్." "వెయిటర్ నవ్వలేదు, రెండు." "మేం వెళ్ళేసరికి మూసేశారు, ఒక స్టార్." "లోపలికి వెళ్ళలేదు గానీ బయట నుంచి బాగుంది, ఐదు." తిండి గురించి ఎవరైనా రాశారేమో చూడరా అని పిన్ని అడిగింది. ఇంకా అంత కిందికి రాలేదన్నాడు.

చివరికి తమరు సెలవిచ్చిన నాలుగు పాయింటు ఆరు చోటికే వెళ్ళాం. బాగానే ఉంది. ఏం తిన్నామని ఇప్పుడు అడిగితే ఒక్కరికీ గుర్తు లేదు. గోడ మీద రంగు లైట్ల అక్షరాలు, వాటి ముందు ఫొటోల కోసం క్యూ, అవి మాత్రం గుర్తున్నాయి. బిల్లు తెచ్చిన కుర్రాడు వంగి మెల్లగా, "సార్, ఐదు నొక్కండి, కింద నా పేరు రాయండి, నెలాఖరుకి లెక్క చూస్తారు" అన్నాడు. నాలుగిస్తేనో? "మేనేజర్ పిలుస్తాడు సార్." చదువుకునే రోజుల్లో నూటికి ఎనభై తెచ్చుకుంటే ఇంటిల్లిపాదీ పొంగిపోయేవారు. తమరి బడిలో ఎనభై అంటే ఫెయిలన్నమాట. అతని ముఖం చూసి తలా ఒక ఐదు నొక్కి లేచాం. రేపు ఆ ఐదులు చూసుకుని ఇంకో కుటుంబం ఇంకో ముసలాయన్ని దాటుకుని అక్కడికి వస్తుంది. తమరి రాజ్యం ఇలా నడుస్తోంది.

తమరి వంశం గురించి కాస్త వాకబు చేశాను. ముత్తాతగారు టైర్ల కంపెనీలో పుట్టారట. ఫ్రాన్స్‌లో టైర్లు అమ్ముకునే మిషెలిన్ సోదరులు 1900లో ఒక చిన్న పుస్తకం అచ్చేసి ఉచితంగా పంచారు. అప్పటికి ఆ దేశం మొత్తమ్మీద కార్లు మూడు వేలు కూడా లేవు. జనం తిరిగితేగా టైర్లు అరిగేది, అరిగితేగా కొత్తవి కొనేది! 1926లో మంచి భోజనశాలలకి నక్షత్రం పెట్టడం మొదలైంది. 1931లో రెండు, మూడు కూడా వచ్చాయి. ఒకటంటే దారిలో ఆగదగ్గది, రెండంటే దారి మళ్ళి వెళ్ళదగ్గది, మూడంటే దానికోసమే బయల్దేరదగ్గది. పెద్దాయనకి టైర్ల స్వార్థం ఉంటే ఉంది గానీ, ఆయన పంపిన మనిషి లోపలికి వెళ్ళేవాడు, కూర్చుని తినేవాడు, తానెవరో చెప్పకుండా బిల్లు కట్టి వచ్చేవాడు. పార్కింగ్ దొరకలేదని నక్షత్రం పీకేయలేదు.

తమరి పలుకుబడి మాత్రం ముత్తాతగారిని మించిపోయింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ రెస్టారెంట్ల రాబడి లెక్కలు తీసి చూస్తే, యెల్ప్ అనే రివ్యూల సైట్‌లో ఒక్క స్టార్ పెరిగినందుకు ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేలింది. అదీ పేరుమోసిన చైన్లకి కాదు, ఎవరికి వారుగా నడుపుకునే హోటళ్ళకి. ఇంత డబ్బు ఊగుతున్నచోట అబద్ధం చేతులు కట్టుకుని కూర్చుంటుందా? అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో దొంగ రివ్యూల అమ్మకాలూ కొనుగోళ్ళూ నిషేధిస్తూ ఏకంగా ఒక నిబంధనే తెచ్చింది.

అన్నట్టు, తమరి దర్బారులో జరిగిన పట్టాభిషేకాల్లో నాకు బాగా నచ్చింది లండన్‌ది. ఊబా బట్లర్ అనే రచయిత 2017లో తన పెరట్లోని షెడ్డుకి "ద షెడ్ ఎట్ డల్విచ్" అని పేరు పెట్టి, హోటలని చెప్పి ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో ఎక్కించాడు. వంటకాల ఫొటోల్లో నురగ ఉన్నచోటల్లా షేవింగ్ ఫోమ్. ఇంకో ఫొటోలో గుడ్డు పక్కన మాంసం ముక్కలా కనిపించేది అతగాడి సొంత మడమ. స్నేహితుల చేత పొగడ్తలు రాయించాడు. టేబుల్ ఖాళీ లేదని చెప్పినకొద్దీ జనం ఎగబడ్డారు. నవంబరు వచ్చేసరికి ఆ షెడ్డు లండన్ మహానగరంలోకెల్లా మొదటి ర్యాంకు భోజనశాల అయింది. అప్పటికి అక్కడ ఒక్కరి నోట్లోకీ ఒక్క ముద్ద వెళ్ళలేదు. మా అమ్మ ఇన్నేళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడుతోంది, ఆవిడకి ఇంతవరకూ అరచుక్క కూడా రాలేదు.

తమరికి ఎదురుతిరిగినవాళ్ళూ లేకపోలేదు. కాలిఫోర్నియాలో రిచ్‌మండ్ అనే ఊళ్ళో బొట్టో బిస్ట్రో యజమానులు 2014లో, యెల్ప్‌లో మాకు ఒకే ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళకి పిజ్జా మీద 25 శాతం తగ్గిస్తామని ప్రకటించారు. అభిమానులు పోటీలు పడి తిట్టారు. అంత ప్రేమగా తిట్టించుకున్న హోటలు ఇంకొకటి ఉండదు.

ఇంతకీ తమరి ముందు ఒక కేసు పెట్టాలి. చాలా ఏళ్ళ కిందట భాష రాని చోట, మెనూలో ఒక్క ముక్క అర్థం కాని చోట మేమంతా ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. నాన్నకి కోడికూర తినాలనిపించింది. చెప్పడానికి మాట లేదు. లేచి నిలబడి, మోచేతులు మడిచి రెక్కలు ఆడించి, మెడ ముందుకీ వెనక్కీ ఊపి, గట్టిగా "కొక్కొరొకో" అన్నారు. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఎవరు కూశారో చూద్దామని వంటవాడు గరిటతో సహా బయటికొచ్చాడు. నాన్న ఇంకోసారి కూశారు. వంటవాడు చాలా గంభీరంగా తలాడించి లోపలికి వెళ్ళి, కాసేపటికి ఒక పెద్ద పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టాడు. చేప!

బాబాయికి నవ్వి నవ్వి పొలమారింది. పక్క బల్లవాళ్ళు కుర్చీలు ఇటు జరుపుకుని, తమ పళ్ళెంలోంచి తలా కాస్త మాకు వడ్డించారు. చేపలో ఉప్పు ఎక్కువైందని పిన్ని, చాల్లేదని అమ్మ ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉంటారు. నలుగురం కలిసినప్పుడల్లా ఆ చేప మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. మరి దీనికి ఎన్ని చుక్కలిస్తారు? అడిగింది ఒకటి, తెచ్చింది ఇంకొకటి, ఉప్పు వివాదాస్పదం, పార్కింగ్ సంగతి అసలు తెలియదు. తమరి లెక్కన రెండున్నర దాటదు.

నాలుక కూడా తమరి మాట వినే రకం కాదు. విమానంలో గాలి పొడిగా ఉండి, పీడనం తగ్గి, ఇంజిన్ల హోరు తోడైతే ఉప్పూ తీపీ తక్కువగా తెలుస్తాయి. కింద లొట్టలేసుకుంటూ తిన్న వంటే పైన చప్పగా అనిపిస్తుంది. ఒక్క ఆకాశానికే ఇంత తేడా వస్తే, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎంత దూరం నడిచొచ్చాం, ఎవరు ఎవరి ప్లేటులోంచి ముక్క ఎత్తుకెళ్ళారు, ఇవన్నీ ఒక దశాంశంలో ఎలా పట్టిస్తారో తమరికే తెలియాలి.

అన్యాయంగా మాట్లాడను. తమరి కింద కొందరు పుణ్యాత్ములు పనికొచ్చే సంగతులు రాస్తారు. పైకి పద్దెనిమిది మెట్లున్నాయి, లిఫ్టు లేదని ఒకావిడ రాసింది. అమ్మ మోకాళ్ళు ఆవిడకి రుణపడి ఉన్నాయి. వేరుశనగ పడనివాళ్ళు జాగ్రత్త అని ఇంకొకరు రాశారు. రాత్రి పదకొండు దాకా పొయ్యి ఆర్పరని మరొకరు. ఇలాంటివాళ్ళు చల్లగా ఉండాలి. వాళ్ళ నెత్తి మీద కూర్చున్న అంకెతోనే నా పేచీ.

కాబట్టి విన్నపమేమిటంటే, మెట్లెన్నో చెప్పండి, చుక్కలెన్నో చెప్పకండి. అది తమరి వల్ల కాదంటే కొత్త ఊళ్ళో మొదటి పూట మాకొదిలేయండి, రెండో పూట నుంచి తమరి చిత్తం. దీనికీ ఒప్పుకోకపోతే నా దగ్గర ఇంకో ఉపాయం ఉంది. వచ్చే ప్రయాణంలో తమ్ముడి ఫోను బాబాయి చేతికిస్తాం. పాస్‌వర్డ్ కూడా ఆయన్నే పెట్టమంటాం. ఆయనకి తను పెట్టిన పాస్‌వర్డ్ ఏనాడూ గుర్తుండదు.

ఇట్లు,
ఆకలి మీదున్న ఒక కుటుంబం తరఫున
తమ విధేయుడు