హాల్లో సముద్రం పెట్టుకున్నాను, బుద్ధి లేక

అదే, సముద్రపు చేపల తొట్టి. అందులో ఉప్పు కలిపిన రోజే చేపలు అంటగట్టాడు షాపువాడు. "ఏం కాదు సార్, వేసేయండి!" ఏం కాకపోవడం ఏంటి? చేపల వ్యర్థాల్లోంచి పుట్టే విషం, అమ్మోనియా, దాన్ని తినే బ్యాక్టీరియా పెరగడానికే 4 నుంచి 6 వారాలు పడుతుందని ఒక్క ముక్క చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? మూడో రోజుకే క్లౌన్ చేపలు రెండూ పోయాయి. పైగా చెవిలో గుసగుస, "రాతి పగడాలు కావాలా సార్?" అని. అవి ప్రాణమున్న సముద్ర జీవులు, వన్యప్రాణి చట్టం కింద వాటిని అమ్మడం నేరం రా బాబూ!

ఇక హైదరాబాద్ ఎండ. బయట 42 డిగ్రీలు, తొట్టికేమో 26 దాటకూడదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ మెషీన్ పెట్టానా, కరెంటు పోయింది.

నీళ్లు ఆవిరైతే ఉప్పు అందులోనే ఉంటుంది కదా, మంచినీళ్లే పోయాలి. మా బావమరిది ఉప్పునీళ్లు పోశాడు! ఉప్పు ఎంతుందో చెప్పే నీటి సాంద్రత (మంచినీళ్లది 1) 1.025 ఉండాల్సింది, 1.030కి ఎక్కింది. ఏమన్నా అంటే అలక.

వచ్చిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న: "ఇవి పులుసుకు పనికొస్తాయా?"