గ్రీజు డబ్బా, సెలోటేపు

ఆదివారం పొద్దున్న, విశాఖ మల్కాపురంలో బాబాయ్ ఇంటి ముందు. కారు చక్రం విప్పి, ఇంజను తిప్పుడుని చక్రానికి అందించే సీవీ జాయింట్లో నల్ల గ్రీజు కూరుతున్నాడు బాబాయ్. రిఫైనరీ డీజిల్ యూనిట్లో షిఫ్టు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. అన్న కూతురు శిరీష పీహెచ్‌డీ చేస్తోంది. ఆ గ్రీజులో ఉన్నదీ, శిరీష సంచిలో చిన్న పలకలా ఉన్నదీ ఒకటే సరుకు: మాలిబ్డినం డైసల్ఫైడ్. గొడవంతా దాని గురించే. టీ గ్లాసులు పట్టుకుని మధ్యలో నేను.

శిరీష: సిలికాన్ తర్వాత చిప్పులు దీంతోనే అంటుంటే, నువ్వు చక్రానికి పూస్తున్నావేంటి బాబాయ్!

బాబాయ్: (వేలికంటిన మరకను బొటనవేలితో రుద్దుతూ) ఇలా జారుతుంది కాబట్టే నీ చిప్పు కూడానమ్మా. నడుమ మాలిబ్డినం, పైనా కిందా గంధకం. ఆ మూడూ కరుచుకుని ఉంటాయి, పొరకీ పొరకీ మాత్రం పట్టుండదు. పేకకట్ట అనుకో. గ్రాఫైటూ జారుతుంది గానీ దానికి గాలిలో తేమ కావాలి, శూన్యంలో మొరాయిస్తుంది. ఇది శూన్యంలోనే ఇంకా బాగా జారుతుంది. ఉపగ్రహాల్లో తిరిగే భాగాలకి పూసేది అందుకే.

శిరీష: ఆ కట్టలోంచి ఒక్క ముక్క లాగి చూడు. మందం 0.65 నానోమీటరు. కట్టగా ఉన్నప్పుడు బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం, సుమారు 1.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అదీ పరోక్షం. ఎలక్ట్రాన్ కిందికి దిగాలంటే పక్కనుంచి ఎవరో తోయాలి. ఒక్క పొర మిగిలేసరికి గ్యాప్ 1.8 దాటుతుంది, ఎలక్ట్రాన్ నిట్టనిలువునా దిగి ఎర్రగా వెలుగిస్తుంది. 2010లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. రసాయనం అదే, పొరల లెక్కే మారింది.

బాబాయ్: వెలుగుతుందా, మినుకుమంటుందా?

శిరీష: (కొంచెం ఆగి) మామూలు పొరయితే మినుకే. నూటికి ఒక వంతు కూడా రాదు. 2015లో అమెరికాలోని బర్కిలీ వాళ్ళు సూపర్ యాసిడ్‌తో శుద్ధి చేసి దాదాపు నూటికి నూరూ తెప్పించారు.

బాబాయ్: యాసిడ్ స్నానం చేయిస్తే గానీ వెలగని దీపమన్నమాట. ట్రాన్సిస్టర్ సంగతి చెప్పు.

శిరీష: 2011లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఒక్క పొరతో చేశారు. ఆన్ చేస్తే పారే కరెంటు, ఆఫ్‌లో కారేదానికి 10 కోట్ల రెట్లు. గ్రాఫైటు ఒంటిపొర ఉంది చూడు, గ్రాఫీన్, దానికి గ్యాపే లేదు, అది కట్టేయడానికి వీల్లేని కుళాయి. సిలికాన్‌ని మూడు నాలుగు నానోమీటర్లకి పల్చన చేస్తే పైనున్న గరుకుకి ఎలక్ట్రాన్లు తడబడతాయి. దీనికి ఆ బెడద లేదు. 2016లో కరెంటుని వదిలి ఆపే గేటు పొడవుని 1 నానోమీటరుకి కూడా దించారు.

బాబాయ్: లొసాన్ వాళ్ళు ఎలక్ట్రాన్ల చురుకుదనం ఎక్కువ చేసి చెప్పారని పోయిన సంక్రాంతికి నువ్వేగా అన్నావు?

శిరీష: లెక్క తగ్గింది నిజమే, ట్రాన్సిస్టర్ మాత్రం పనిచేసింది. 2017లో వియన్నాలో 115 ట్రాన్సిస్టర్లతో ప్రాసెసర్ చేశారు. 2025లో షాంఘైలోని ఫుడాన్ యూనివర్సిటీ 5,900 ట్రాన్సిస్టర్లతో 32 బిట్‌ది చేసింది.

బాబాయ్: నీ ఫోన్‌లో ఎన్నుంటాయి?

శిరీష: వెయ్యి కోట్ల పైనే.

(బాబాయ్ ఏమీ అనలేదు. నా చేతిలోంచి టీ తీసుకున్నాడు. ఆ రౌండు ఆయనదే.)

శిరీష: చిక్కులున్నాయి, దాచను. లోహం తగిలించిన చోట కరెంటు మొండికేస్తుంది. 2021లో బిస్మత్ వాడాక అది చాలావరకు దారికొచ్చింది. ఇది ఎలక్ట్రాన్లని మోసినంత ఇష్టంగా హోల్స్‌ని, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీలని, మోయదు, అందుకే జతకి టంగ్‌స్టన్ డైసెలినైడ్‌ని తెచ్చుకుంటారు.

బాబాయ్: జతలు వెతుక్కునే వయసు. మాది ఎప్పుడో కాపురం చేస్తోంది. డీజిల్లో గంధకం తీసే క్యాటలిస్టు ఇదే. మా దగ్గరికొచ్చేటప్పుడు సల్ఫైడ్ కూడా కాదు, అల్యూమినా గుళికల మీద మాలిబ్డినం, కోబాల్టు ఆక్సైడ్లు. రియాక్టర్లో పోశాక హైడ్రోజన్‌తోపాటు డీఎండీఎస్ అనే ద్రవం ఎక్కిస్తాం. చుక్క ఒలికితే చాలు, కుళ్ళిన క్యాబేజీ కంపు. మీ పిన్ని యూనిఫాం వాకిట్లోనే విప్పించేది. అప్పుడు అది సల్ఫైడవుతుంది. ఆ పైన 350 డిగ్రీల వేడిలో డీజిల్ దాని మీదుగా పోతుంటే, అందులోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడై విడిపోతుంది. భారత్ స్టేజ్ 4లో 50 పీపీఎం దాకా ఒప్పుకునేవారు. 2020 ఏప్రిల్ నుంచి 10. అంటే పది లక్షల పాళ్ళలో పది. ఈ రోడ్డు మీద పోయే లారీలన్నీ నీ అరవాహకం పుణ్యాన్నే నడుస్తున్నాయి.

శిరీష: అర్ధవాహకం, బాబాయ్. సెమీకండక్టర్.

బాబాయ్: ఏదో ఒకటి. వాడేసిందాన్ని దింపేటప్పుడు గాలి తగిలితే దానంతటదే రాజుకుంటుంది. నైట్రోజన్ నింపి, ముసుగులేసుకుని దింపాలి. నీ గాజు పలక మీద ఉన్నంత బుద్ధిగా ఉండదు మా దగ్గర.

శిరీష: అక్కడ పనిచేసేది అంచులేగా. పొర మధ్య మైదానం ఊరికే పడుంటుంది. నాకు ఆ మైదానం కావాలి. గంధకం ఊడిన చోటు నా ట్రాన్సిస్టర్‌కి గుంట.

బాబాయ్: ఆ గుంటలోకే డీజిల్లోని గంధకం వచ్చి కూర్చునేది. గుంట లేకపోతే ముప్పై ఏళ్ళు నాకు జీతం ఎవరిస్తారు?

శిరీష: (నవ్వి) సరే, ఇంకోటీ ఒప్పుకుంటా. మీ క్యాటలిస్టులో ముక్కలు కొన్ని నానోమీటర్లే, చాలావాటికి ఒకటి రెండు పొరలే మందం. అలాంటి ఒంటిపొర ముక్కల్ని డెన్మార్క్‌లోని ఆర్హుస్ వాళ్ళు 2000లోనే బంగారం మీద పెంచి, త్రికోణాలుగా ఉంటాయని ఫొటో తీశారు. గ్రాఫీన్‌ని టేపుతో లాగడానికి నాలుగేళ్ళ ముందు.

బాబాయ్: అంటే నువ్వు వెతికే ఒంటిపొర మా రియాక్టర్లో టన్నుల లెక్కన ఉందన్నమాట!

శిరీష: ఉంది. ఒక్కదానికి తీగ తగిలించు చూద్దాం. నాకు కావలసింది పళ్ళెమంత వెడల్పున అతుకు లేని ఒక్క పొర.

(అంటూనే సంచిలోంచి సెలోటేపు తీసి పలక మీద అంటించి లాగింది. టేపు మీద వెండి నలుపు రేకు మెరిసింది. బాబాయ్ కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. అంతసేపు ఆయన ఏ గ్రీజునీ చూసుండడు.)

బాబాయ్: ఆ టేపు ఇలా ఇయ్యి. జాయింటు మీది రబ్బరు బూటు చిరిగింది.

శిరీష: సెలోటేపుతో బూటు ఆగదు బాబాయ్.

బాబాయ్: నీ చిప్పు ఆగుతుందేటి మరి?