వెయ్యి గజాల అవతల కొలువుదీరిన తమకు

గురి అట్ట పక్కనే కూర్చుని దాని బొమ్మను కాల్చేవాడి తెరకు పంపే మహారాజశ్రీ టార్గెట్ కెమెరా గారి దివ్యసముఖమునకు, టెక్సాస్‌లో ఒక రైఫిల్ రేంజిలో ఏడో నంబరు సిమెంటు బల్ల వెనుక కూర్చునే ఒక తెలుగు ఇంజినీరు సవినయంగా రాసుకునేది. ఉభయకుశలోపరి. గత శనివారం ఉదయం పదకొండు గంటల వేళ నేను ఐదు తూటాలు పేల్చితే, ఐదుసార్లూ తమరు ఒకే బొమ్మను, ఒక్క కొత్త చిల్లైనా లేని ఒకే అట్టను, నా టాబ్లెట్ మీద ప్రదర్శించారు. ఆ సంగతికి ఉత్తరం చివర్లో వస్తాను. అంతకన్నా పాత బాకీలు కొన్ని మన మధ్య ఉన్నాయి.

తమరు మా ఇంట అడుగు పెట్టకముందు నేనెంతటి గురికాడినో తమకు తెలిసే అవకాశం లేదు. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. చక్కటి చూపున్న మనిషి కంటికి అంత దూరంలో సుమారు 26 సెంటీమీటర్ల వస్తువు ఒక చుక్కలా ఆనుతుంది. ఎఫ్‌-క్లాస్ అనే దూరపు రైఫిల్ పోటీల అట్ట మీద పది మార్కుల వలయం అడ్డం పది అంగుళాలు, అంటే ఇంచుమించు అంతే. నా 6.5 క్రీడ్‌మూర్ రకం తూటా ఆ అట్టకు వేసే చిల్లు ఏడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 80 మిల్లీమీటర్ల అద్దమున్న దుర్భిణికి కూడా లెక్కప్రకారం అది అందీ అందని హద్దు మీద ఉంటుంది. ఇక జూలై మధ్యాహ్నం టెక్సాస్ నేల మీద నుంచి వేడిగాలి అలలుగా లేస్తుంటే, అందులోంచి అట్ట కూడా సరిగ్గా కనిపించదు, చిల్లు మాట దేవుడెరుగు. దూరపు కొండలు నునుపని పెద్దలన్నారు గాని, దూరపు అట్టలు అంతకన్నా నునుపుగా ఉంటాయి. ఇరవై తూటాలు కాల్చి, అందరూ తుపాకుల బోల్టులు తెరిచి, కాల్పులు ఆపి, పికప్ ట్రక్కులో అవతలికి వెళ్లి చూసుకునేదాకా, ఆ ఇరవయ్యీ నడిబొడ్డునే దిగాయని నమ్మడానికి నాకూ, నమ్మినట్టు నటించడానికి నా స్నేహితులకూ ఏ అడ్డంకీ ఉండేది కాదు. ఆ అరగంట కీర్తిని తమరు నా దగ్గర లాక్కున్నారు. అందుకు నేనే ఎదురు డబ్బిచ్చాను. ఎంతిచ్చానో మా ఆవిడకు చెప్పేటప్పుడు ఒక సున్నా మింగేశాను కూడా.

కొన్న మొదటి నెలంతా తమ సేవకే సరిపోయింది. టార్గెట్ ఎదుట కాస్త పక్కగా, గురితప్పిన తూటా తగలని చోట, ఉక్కు పలక వెనుక, నేలకు ఆనించి తమను కూర్చోబెట్టమని తమతో వచ్చిన పుస్తకం నాల్గవ పేజీలో చెప్పింది. యాంటెన్నాను వీలైనంత ఎత్తున పెట్టమని అదే పుస్తకం ఏడవ పేజీలో చెప్పింది. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో ఉన్న ప్రాణి ఎలా పాటిస్తుందో మాత్రం ఏ పేజీలోనూ లేదు. తప్పు పూర్తిగా తమదనను, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగానికి వెయ్యి గజాలు దాటాలంటే దారపు పోగంత దారి చాలదు, సగం దూరం దగ్గర చుట్టూరా ఐదు మీటర్ల పైచిలుకు వ్యాసార్ధం ఖాళీగా ఉండాలి. నేల మీద కూర్చుంటే అందులో సగం భూదేవి మింగేస్తుంది, మిగిలిన దాంట్లో మోకాటెత్తు గడ్డి తన వాటా అడుగుతుంది. చివరికి తమరికి నేల మీద ఆసనం, తమ యాంటెన్నాకు టమాటా మొక్కలకు ఆసరాగా పాతే కర్ర మీద ఆసనం వేరువేరుగా అమర్చాను. గాలి వీచినప్పుడల్లా కర్ర ఊగుతుంది, బొమ్మ ఆగుతుంది. గాలి వీచినప్పుడే నాకు బొమ్మ కావాలి, అది వేరే విషయం.

బొమ్మ వచ్చినప్పుడు మాత్రం తమరు నా మీద చూపిన దయను మరువలేను. పక్కన కూర్చున్న తమరు అట్టను వాలుగా చూస్తారు కదా. 45 డిగ్రీల వాలు నుంచి చూస్తే పది అంగుళాల వెడల్పు ఏడుగా కుంచించుకుపోతుంది, ఎత్తు మాత్రం అలాగే ఉంటుంది. వెయ్యి గజాల దగ్గర మనిషి పరువు తీసేది వెడల్పే, ఎందుకంటే పక్కగాలి చేసిన తప్పంతా అడ్డంగానే పరుచుకుంటుంది. అట్ట నాలుగు మూలలనూ వేలితో తాకి వాలును సరిదిద్దే ఏర్పాటు యాప్‌లో ఉన్న సంగతి నాకు తెలుసు. వాట్సాప్‌లో పెట్టాల్సిన ఫొటోలు తీసే రోజున ఆ ఏర్పాటు నాకు గుర్తురాదు.

ఈ వేసవిలో మా పెద్దబావగారు తెనాలి నుంచి మనవడిని చూడ్డానికి వచ్చి, ఒక శనివారం నాతో రేంజికి వచ్చారు. ఆయన సర్వే శాఖలో ముప్పై ఏళ్లు థియోడలైటు మోయించి రిటైరైన మనిషి. చెవులకు రక్షణ తగిలించుకుని, కుర్చీ వేసుకుని, తుపాకి వంక కన్నెత్తి చూడకుండా తమ తెర వంకే చూస్తూ కూర్చున్నారు. "ఏమోయ్, మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ కూడా ఇలాగే పక్కన తెర పెట్టుకునే కదా కంచు పతకం కొట్టాడు?" అన్నారు. నిజమే, 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయనకు కాంస్యం వచ్చిన ఎయిర్ రైఫిల్ పోటీలోనూ ప్రతి గుండూ ఎక్కడ తగిలిందో తెర చెబుతుంది. కాని అది పది మీటర్ల దూరం, నాలుగు గోడల మధ్య. అక్కడ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే అయినా, మధ్యలో గాలి అనే మూడో మనిషి లేడు. ఈ తేడాను బావగారికి వివరిస్తున్నంతసేపూ నా మాటలు వింటున్నట్టే తల ఊపి, చివర్లో ఆయన అడిగింది ఒక్కటే: "అయితే ఇందాకటి నుంచి నువ్వు ఆ బుడిపెను అటొకసారీ ఇటొకసారీ ఎందుకు తిప్పుతున్నావు?"

ఆ ప్రశ్నకు జవాబు తమరే చెప్పాలి. తూటా వెళ్లి అట్టను తాకడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఇంకో రెండు సెకన్లకు తమరు పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పోల్చి, కొత్త చిల్లును ఎర్రగా మినుకుమినుకుమనిపిస్తారు. ఎనిమిది అంగుళాలు ఎడమకు. నేను తుపాకి మీద గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, దాని బుడిపెను కుడికి మూడు క్లిక్కులు తిప్పుతాను. ఒక్కో క్లిక్కు అక్కడ రెండున్నర అంగుళాల పైమాటే. ఈ లోపల గాలి పడిపోతుంది. తరువాతి తూటా ఎనిమిది అంగుళాలు కుడికి వెళ్తుంది, తమరు మళ్లీ మినుకుమంటారు, నేను మళ్లీ తిప్పుతాను. గంటకు పది మైళ్ల పక్కగాలి నా తూటాను ఆ దూరంలో ఒక మనిషి ఎత్తంత పక్కకు నెట్టగలదు. అందులో ఐదోవంతు అటూ ఇటూ అయితే చాలు, పది మార్కుల వలయం దాటేసినట్టే. ముగిసిపోయిన గాలికి సవరణ చేస్తూ రాబోయే గాలిలోకి కాల్చడం నాకు నేర్పిన గురువు తమరే. ఆ సాయంత్రం అట్ట మీద చూస్తే నా తూటాలు రెండు గుంపులుగా విడిపోయి, అన్నదమ్ముల ఆస్తి పంపకంలా నడుమ ఖాళీ వదిలి కూర్చున్నాయి.

కుడిపక్క ఎనిమిదో బల్ల దగ్గర ఒక తెల్లగడ్డం పెద్దాయన ఉంటాడు. ఆయనకు కెమెరా లేదు. ఉన్నదల్లా ఒక పాత దుర్భిణి, దాని ముక్కాలి స్టాండు, ఒక చిత్తు పుస్తకం. ఆ దుర్భిణిని కూడా ఆయన అట్టకు సరిచేయడు. అట్టకు ఇవతల, దారిలో మూడింట రెండొంతుల దూరం మీదకి తిప్పి, అక్కడి ఎండమావిని చూస్తూ కూర్చుంటాడు. అలలు ఎడమ నుంచి కుడికి పారితే గాలి అటు. అలలు బల్లపరుపుగా, వేగంగా సాగితే గాలి బలంగా ఉన్నట్టు. అన్నం ఉడికినట్టు నిట్టనిలువుగా కుతకుతలాడితే పక్కగాలి లేదన్నమాట, లేదా అది దిక్కు మార్చుకునే క్షణంలో ఉందన్నమాట. అప్పుడు ఆయన వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేస్తాడు. బావగారు లేచి వెళ్లి, ఆయన అనుమతి అడిగి, ఆ దుర్భిణిలో రెండు నిమిషాలు చూసి వచ్చారు. "మేమూ దీనికి భయపడే పొద్దున్నే పని ముగించేవాళ్లం. మధ్యాహ్నమైతే కొలకర్ర మీద అంకెలు నాట్యం చేసేవి," అన్నారు. ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు, అయినా ఆ పూటంతా వాళ్లు చేతులతో అలలు గీసుకుంటూ మాట్లాడుకున్నారు.

అప్పుడు నాకు తమ మీద తొలిసారి అనుమానం కలిగింది. తమ బొమ్మ ఇంత స్వచ్ఛంగా ఎందుకుందని నేను మురిసిపోయేవాణ్ని. తమరు అట్టకు పది అడుగుల దూరంలో కూర్చున్నారు గనుక. నాకూ అట్టకూ మధ్య ఉన్న వెయ్యి గజాల గాలిని మొత్తం తీసి పక్కన పడేసి, ఆ చివరి పది అడుగులనే నాకు చూపిస్తున్నారు. నా తూటా మాత్రం ఆ తీసి పడేసిన గాలిలోంచే వెళ్లాలి. ఎండమావుల వెంట పడవద్దని చిన్నప్పుడు మా తాతగారు చెప్పింది తు.చ. తప్పక పాటించి, ఈ భూమ్మీద ఎండమావుల వెంట పడి తీరాల్సిన ఒకే ఒక్క విద్యలో నేను వెనకబడ్డాను. మన పౌరాణిక నాటకాల్లో అర్జునుడు కూడా మత్స్యయంత్రాన్ని నేరుగా చూడడు, కింద నీటిలో నీడను చూసి కొడతాడు. దూరదర్శనం మనకు కొత్త కాదు. అయితే ఆ నీళ్లు ఆయన కాళ్ల దగ్గరే ఉన్నాయి, ఆ గాలికే అవీ వణికాయి. అర్జునుడి నీటికి బ్యాటరీ అక్కర్లేదన్న సంగతి ఎత్తి తమ మనసు నొప్పించను.

తమకు ముందు ఈ ఉద్యోగంలో మనుషులుండేవారు. ఇప్పటికీ పెద్ద పోటీలలో చాలాచోట్ల ఉన్నారు. టార్గెట్ కింద కందకంలో కూర్చుని, తలపై నుంచి ధ్వనికన్నా వేగంగా వెళ్లే తూటా చేసే ఠప్పుమనే చప్పుడు వినగానే చట్రాన్ని కిందికి లాగి, చిల్లులో చిన్న బిళ్ల గుచ్చి, మార్కు తెలిపే గుర్తు పెట్టి, మళ్లీ పైకి పంపుతారు. సగం మంది కాలుస్తుంటే మిగతా సగం మంది ఆ చాకిరీ చేస్తారు, తరువాత వంతులు మారతాయి. తూటా అసలు అట్టనే తాకకపోతే అమెరికా సైనిక రేంజిలలో ఎర్రజెండా ఊపేవారు. దానికి "మ్యాగీ లోదుస్తులు" అని ముద్దుపేరు. వెయ్యి గజాల అవతల నుంచి వందమంది ఎదుట మన పేరున లోదుస్తులు ఊపించుకోవడంతో పోలిస్తే, తమరి మినుకు ఎంతో మర్యాదైనదని ఒప్పుకుంటాను. 1860లో వింబుల్డన్ రైఫిల్ మైదానం ప్రారంభంలో విక్టోరియా రాణి తొలి తూటా పేల్చి 400 గజాల దగ్గర నడిబొడ్డు కొట్టింది; తుపాకిని ముందే గురిపెట్టి బిగించి, ఆమె చేతికి పట్టుతాడు మాత్రం అందించారు. ఆవిడకైతే తమ అవసరం బొత్తిగా ఉండేది కాదు.

ఇక గత శనివారం సంగతి. మొదటి తూటా పేల్చాను, తమరు కదల్లేదు. కర్ర ఊగిందనుకున్నాను. రెండోది పేల్చాను, అదే పాత బొమ్మ. యాప్ మూసి తెరిచాను, టాబ్లెట్‌ను ఆకాశానికెత్తి చూపాను, బావగారి చేత దాని వీపు మీద రెండు తట్టించాను. తమరు పోయారని నిర్ధారించుకున్నాక చేసేదేమీ లేక, బుడిపెను వదిలేసి, పక్క పెద్దాయన దుర్భిణి అరువడిగి, ఎండమావి అలలు ఒకే తీరున పారేదాకా ఆగి, మిగిలిన మూడూ ఒకదాని తరువాత ఒకటి పేల్చాను. అప్పుడు ఎడమపక్క ఆరో బల్ల కుర్రాడు తన టాబ్లెట్ పట్టుకుని వచ్చాడు. అతను ఇంకా తన తుపాకిలో తూటాలు నింపుకుంటున్నాడట. అతని కెమెరాలో మాత్రం ఐదు కొత్త చిల్లులు వరుసగా మినుకుమన్నాయట. "ఇవి మీవేమోనండీ," అన్నాడు చాలా వినయంగా.

నావే. ఐదూ పది మార్కుల వలయంలోనే ఉన్నాయి, అందులో రెండు లోపలి ఐదంగుళాల వలయంలో. నా జన్మలో అంతటి గుంపు అదే మొదటిది, అది పక్కవాడి అట్ట మీద పడింది. తమరు ఆ సమయమంతా సజీవంగా, నూటికి నూరుపాళ్లూ నిజాయితీగా, ఎవరూ కాల్చని నా అట్టను నాకు చూపిస్తూనే ఉన్నారు. తమను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ విషయంలో నాకు తోడున్నాడని చెప్పుకోవడానికి ఒక ఐరిష్ ఆయన ఉన్నాడు. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ రేంజిలో అమెరికా, ఐర్లాండు జట్లు 800, 900, 1000 గజాల మీద తలపడ్డాయి. ఐర్లాండు జట్టులో ఒకాయన నడిబొడ్డు కొట్టాడు, తనది కాని టార్గెట్ మీద. దానికి సున్నా వేశారు. అప్పట్లో నడిబొడ్డుకు నాలుగు మార్కులు. అమెరికా 934, ఐర్లాండు 931. ఆ మైదానం పేరే 2007లో వచ్చిన నా తూటా రకానికి పెట్టారు. డబ్బా మీద ఆ పేరు చదువుకుంటూ ఆరేళ్లుగా కాలుస్తున్నాను, హెచ్చరిక అని తట్టలేదు.

కుర్రాడు ఆ అట్టను విప్పి, నా ఐదు చిల్లుల చుట్టూ నీలం పెన్నుతో సున్నాలు చుట్టి నాకే ఇచ్చేశాడు. అది ఇప్పుడు మా గ్యారేజీ గోడ మీద ఉంది. మా ఆవిడ చూసి, ఆ కెమెరా బాగానే పనిచేస్తోందన్నమాట అంది, నేను కాదనలేదు. బావగారు వచ్చే గురువారం తెనాలి వెళ్తున్నారు, ఈ శనివారం మాత్రం మళ్లీ వస్తానంటున్నారు, అయితే తన కుర్చీ ఎనిమిదో బల్ల పక్కన వేయమన్నారు. తమ రెండు బ్యాటరీలూ ఛార్జింగులో పెట్టాను. కొత్త కర్ర కొన్నాను. అట్ట మీద అరడుగు ఎత్తున 7 అని నల్లరంగుతో రాయించాను. పొద్దున ఎనిమిదింటికి ముందైతే స్కోపులోంచి కనిపిస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
బల్ల నంబరు 7, అట్ట నంబరు 6.