ఎవరు చూశారు?

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో టీ అంగడి. బాబాయి ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించారు. ఆయన అన్న కూతురు కోవూరు వైపు విలేకరి. నేను బాబాయి పక్షమే, దాచను. అయినా ఆ అమ్మాయి అన్న మాటలేవీ మింగకుండా రాస్తున్నాను.

బాబాయి: పొద్దున నాలుగు పేపర్లు చదివాను. గంజాయి కేసు వార్త నాలుగింటిలోనూ ఒకటే. ‘నిందితులు’ అని ఉండవలసిన చోట నాలుగింటిలోనూ ‘నిందుతులు’. అచ్చుతప్పును కూడా పంచుకున్నారు!

అమ్మాయి: అది పోలీసుల ప్రెస్‌నోట్, బాబాయ్. వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అందరం వేశాం.

బాబాయి: వేశారు సరే. పట్టుబడ్డవాళ్ల ఊరికి ఒక్కరైనా ఫోన్ చేశారా?

అమ్మాయి: మీ రోజుల్లో స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఎస్సై చెప్పింది రాసుకొచ్చేవారు. ఇప్పుడు ఆ ఎస్సై చెప్పేదే ఫోనుకు వస్తోంది. బెంచీ ఒక్కటే తగ్గింది.

(గట్టి దెబ్బే. బాబాయి గ్లాసు కింద పెట్టి కాసేపు తడుముకున్నారు.)

బాబాయి: ఆ బెంచీ మీద కూర్చున్నవాడికి గుమ్మం దగ్గర ఏడుస్తున్న తల్లి కనబడుతుంది. ఎస్సై మాట్లాడుతుంటే రైటరు పెదవి విరవడం కనబడుతుంది. గ్రూపులో అవి రావు. 2021 మే గుర్తుందా? ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో, కరోనాకని ఆనందయ్య ఇచ్చిన నాటుమందు. కంట్లో చుక్కలు వేయగానే ఊపిరి అందిందని ఒక పెద్దాయన చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. ఛానళ్లు దాన్నే తిప్పి తిప్పి చూపాయి. కరోనా రెండో విడతలో, మనిషికి మనిషి దూరంగా ఉండవలసిన రోజుల్లో, వేలమంది తోసుకుంటూ ఆ ఊరికి వచ్చిపడ్డారు. చివరికి పంపిణీ ఆపవలసి వచ్చింది. మే 31న ప్రభుత్వం మిగతా మందుకు అనుమతి ఇచ్చి, కంటి చుక్కలను మాత్రం పక్కన పెట్టింది. ఆ పెద్దాయన ఆసుపత్రిలో కన్నుమూశారు. వీడియో అబద్ధమని నేను అనడం లేదు. ఆ నిమిషానికి ఆయనకు ఊపిరి అందే ఉండవచ్చు. మరునాడు ఎలా ఉన్నారని అడిగింది ఎందరు? విలేకరికి పని ఉన్నదే మరునాడు. ఫోనులో నీకు దొరికేది ఆచూకీ, వార్త కాదు. మా డెస్కులో ఏ కబురు వచ్చినా ‘ఎవరు చూశారు?’ అని అడిగేవాళ్లం. మీ డెస్కులో ‘ఎంతమంది చూశారు?’ అని అడుగుతున్నారు.

అమ్మాయి: అదే ఏడాది నవంబరు సంగతి కూడా చెప్పండి. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. ఎటు వెళ్లి చూడమంటారు? ఏ వీధిలో నడుముల్లోతు నీరుందో ఆ వీధివాళ్లే పెట్టారు. పెట్టినవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రాశాను. కోవూరు వరద అంటూ ఒక వీడియో తెగ తిరిగింది. ఆపి చూస్తే కొట్టు బోర్డు మీద కన్నడ అక్షరాలు. డెస్కుకు చెప్పి ఆపించాను. ఇల్లు కదలకుండానే!

బాబాయి: అలా ఆపి చూసేవాళ్లు పదిమందిలో ఎందరు?

అమ్మాయి: మీ పదిమందిలో వెళ్లి చూసినవాళ్లు ఎందరు?

బాబాయి: మన జిల్లాలోని దూబగుంట ఊరి సంగతి విన్నావా? ఫేస్‌బుక్ లేదు, సెల్‌ఫోన్ లేదు. రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. పత్రికలు రాశాయి, జిల్లా కదిలింది. 1993లో సారా నిషేధం వచ్చింది.

అమ్మాయి: (ఫోను చూసి) 1995 అని ఉంది.

బాబాయి: అది సంపూర్ణ మద్య నిషేధం. నేను చెప్పేది సారా.

అమ్మాయి: రెండూ తాగుడే కదా.

బాబాయి: సారా నిషేధం నాటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. మద్య నిషేధం ఎన్.టి. రామారావుది. రెండూ ఒకటేనా? ఇంకాస్త కిందికి జరుపు.

(జరిపింది. టీ చల్లారింది.)

అమ్మాయి: సరే, 1993. అయినా ఆ ఆడవాళ్ల చేతిలో ఫోను ఉంటే మీ విలేకరి వచ్చేవరకు ఆగేవారా?

బాబాయి: ఆగేవారు కారు, ఆగనక్కర్లేదు. కానీ సారా కాంట్రాక్టరు చేతిలోనూ ఫోను ఉండేది. తన పక్షం వీడియో వాడూ పెట్టేవాడు. అప్పుడు ఊళ్లోకి వెళ్లి చూసే మనిషి ఇంకా ఎక్కువ కావాలి.

అమ్మాయి: ఆ మనిషికి జీతం ఎవరిస్తారు, బాబాయ్? నాది లైన్ అకౌంటు. అచ్చయితేనే డబ్బు. మండలంలో చివరి ఊరికి బండి మీద వెళ్లి వస్తే, ఆ వార్తకు వచ్చే డబ్బు పెట్రోలుకు చాలదు. పది నిమిషాలు ఆలస్యమైతే ‘పక్క ఛానల్‌లో వచ్చేసింది, నువ్వేం చేస్తున్నావు?’ అని డెస్కు నుంచి ఫోను. ఆ ఫోను చేసేది మీలాంటి వారే.

బాబాయి: ...టీ డబ్బులు నేనిస్తాను.

అమ్మాయి: పెట్రోలు డబ్బులు?