కీచుమంటున్న డ్రైవ్ బెల్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డ్రైవ్ బెల్టు గారి దివ్యసముఖమునకు, కారు యజమానుల తరఫున నమస్కరించి రాయునది.

ఉభయ కుశలోపరి. మీరు కుశలంగా లేరన్న సంగతి పొద్దున్నే తాళం తిప్పగానే మాకే కాదు, ఇరుగుపొరుగుకీ తెలిసిపోతోంది. అందుకే ఈ ఉత్తరం. మీ మీద మా ఫిర్యాదు ఒక్కటే: మీరు అరుస్తున్నారు. ఎందుకు అరుస్తున్నారని మేం అడగడం లేదు. అది మా ఇంటావంటా లేదు. నోరు మూసుకుని తిరగడానికి మీకేం రోగమని మాత్రమే అడుగుతున్నాం.

మీ పని ఏపాటిదో తెలియక కాదు. ఇంజన్ ముందు భాగాన, ఇంజన్ తిప్పే గాడుల చక్రం క్రాంక్ పుల్లీ తిరుగుతుంటే, ఆ ఊపు అందుకుని కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ని తిప్పాలి, ఏసీ కంప్రెసర్‌ని తిప్పాలి, చాలా కార్లలో వాటర్ పంపునీ, స్టీరింగ్ హైడ్రాలిక్‌దైతే దాని పంపునీ తిప్పాలి. ఒకప్పుడు ఈ పనులన్నీ ఇంగ్లీషు వీ ఆకారంలో ఉండే రెండు మూడు వీ బెల్టులు పంచుకునేవి. ఒకటి తెగితే దానికి తగిలించిన పని ఆగేది, మిగతావి నడిచేవి. 1979లో ఫోర్డ్ మస్టాంగ్‌కి ఒకే పొడుగాటి బెల్టును మెలికలు తిప్పి అన్ని పుల్లీల మీదుగా బిగించారు. చోటు కలిసొచ్చింది, బిగించడం తేలికైంది. తర్వాత తయారీదార్లంతా ఆ దారే పట్టారు. నలుగురి పని ఒకరి నెత్తిన రుద్ది, ఆ ఒక్కరూ మూలిగితే క్రమశిక్షణ లేదని మెమో ఇవ్వడం ఆఫీసుల్లో ఉన్నదే. మీకూ అదే వర్తింపజేశాం, అంతకన్నా కక్ష ఏమీ లేదు.

ఇక మీ అరుపు మాన్పించడానికి లోకం పడుతున్న పాట్లు చూడండి. మొదటి వైద్యం పాటల సౌండు పెంచడం. నవ్వకండి, దీంతోనే ఏళ్ళు నెట్టుకొచ్చినవాళ్ళున్నారు. రెండోది ఏసీ ఆపడం. ఆపగానే అరుపు ఆగుతుంది. జబ్బు ఏసీలో ఉందని తేల్చేసి, కిటికీలు దించుకుని, చెమటలు తుడుచుకుంటూ తిరుగుతారు. కంప్రెసర్ బరువు పడ్డప్పుడే మీరు పుల్లీ మీద జారుతున్నారు, బరువు దిగితే జారడం లేదు, అంటే బిగువు చాలడం లేదేమో, లేదా ఆ కంప్రెసరే బిగుసుకుపోతోందేమో అని ఆలోచించే తీరిక ఎవరికుంది?

మూడోది స్ప్రే డబ్బా. బెల్టు డ్రెస్సింగ్ అంటారు. కొట్టీ కొట్టగానే జిగురు పట్టి మీ గొంతు పడిపోతుంది, కొట్టినవాడు కాలరెగరేస్తాడు. ఆ జిగురుకే దుమ్మూ ఇసుకా అంటుకుని, గాడుల్లో చేరి, మిమ్మల్నీ పుల్లీనీ కలిపి అరగదీస్తుంది. డబ్బా చేతికందకపోతే ఒంటి సబ్బు రుద్దినవాళ్ళున్నారు, మొహానికి రాసుకునే పౌడరు చల్లినవాళ్ళున్నారు. తుప్పు వదిలించే నూనె కొట్టిన మహానుభావులూ ఉన్నారు. జారిపోతున్నానని అరిచేవారికి నూనె రాయాలన్న ఆలోచన ఎలా పుట్టిందో నాకైతే ఇప్పటికీ అంతుబట్టదు.

ఇవన్నీ అయ్యాక బ్రహ్మాస్త్రం: బెల్టు మార్చెయ్యి. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. పాతవారిని విప్పి మూల పడేస్తారు, కొత్తవారు వస్తారు. కొత్త రబ్బరుకి పట్టు ఎక్కువ కాబట్టి కొన్నాళ్ళు నోరు లేవదు. ఆ తర్వాత అదే పాట. అప్పుడు ఈ బ్రాండు మంచిది కాదని ఇంకో బ్రాండు. ఈలోగా అసలు దోషి మీ పక్కనే, మీ వీపుకి ఆనుకునే, హాయిగా తిరుగుతుంటాడు.

న్యాయంగా విచారణ జరిపితే ఎలా ఉంటుందో చెబుతాను. అలవాటు లేని పని కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మీకు రెండు గొంతులున్నాయి. ఒకటి పిచ్చుక కిచకిచ. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కిచ్, కిచ్ అని లయ తప్పకుండా వస్తుంది, యాక్సిలరేటర్ నొక్కితే ఆ లయా వేగం పుంజుకుంటుంది. ఇది ఎక్కువగా పుల్లీలు ఒక వరుసలో లేవని మొర. ఒక పుల్లీ కొంచెం ముందుకో వెనక్కో ఉన్నా, ఒరిగినా మీరు గాడిలోకి వంకరగా దిగాల్సి వస్తుంది. రెండోది సాగదీసిన కీచు. చలిలో స్టార్ట్ చేసినప్పుడు, ఏసీ వేసినప్పుడు, హైడ్రాలిక్ స్టీరింగ్‌ని కొస దాకా తిప్పినప్పుడు పుడుతుంది. ఇది జారుడు. బిగువు తగ్గిందనో, మీ ఒళ్ళు అరిగిందనో, తిప్పాల్సిన వస్తువు మొరాయిస్తోందనో అర్థం.

ఏ గొంతో చెవికి తేలకపోతే దానికో పరీక్ష ఉంది. స్ప్రే సీసాలో మామూలు నీళ్ళు, అంతే. ఇంజన్ నడుస్తుండగా, చొక్కా చేతులూ జుట్టూ దూరంగా పెట్టుకుని, గాడులున్న వైపు ఒక్క తుంపర కొట్టాలి. కిచకిచ ఠక్కున ఆగి, కొన్ని సెకన్లలో నీరు ఆరగానే మళ్ళీ మొదలైతే పుల్లీల వరుస చూడాలి. నీళ్ళు పడగానే అరుపు ఇంకా పెరిగితే బిగువు చూడాలి. నీళ్ళు పడ్డా పడకపోయినా ఒకే తీరుగా గురగురలాడుతుంటే అది మీ గొంతే కాకపోవచ్చు. ఏదో బేరింగ్ మీ పేరు చెప్పుకుని ఏడుస్తుంటుంది. పైసా ఖర్చు లేని పరీక్ష, అర నిమిషం పని. అందుకే దీన్ని ఎవరూ చేయరు.

తర్వాత మిమ్మల్ని చూడటం. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని మరీ చూడాలి. ఇక్కడ మీ పాత తరం చేసిన ఉపకారమే మీకు అపకారమైంది. వాళ్ళు నియోప్రీన్ రబ్బరు మనుషులు, ముసలితనం వస్తే అడ్డంగా పగుళ్ళు చూపించి చెప్పేవారు. మీరు ఈపీడీఎం రబ్బరు. మీకు అంత తొందరగా పగుళ్ళు రావు. టైరులా లోలోపల అరుగుతారు. గాడుల మధ్య నిలువు మిట్టలైన రిబ్బుల పక్కలు తగ్గి, గాడులు వెడల్పై, మీరు పుల్లీలోకి లోతుగా కూర్చుంటారు. పట్టు పుట్టేది రిబ్బు పక్కలు పుల్లీ గాడి గోడలకి ఒరుసుకోవడం వల్ల. ఆ పక్కలు అరిగి, పుల్లీ మిట్టలు మీ గాడుల అడుక్కి తగిలాయంటే ఇక ఒరుసుకునేదేమీ లేదు. పైకి మాత్రం నల్లగా, నునుపుగా, పెళ్ళికొడుకులా ఉంటారు. మెకానిక్ బొటనవేలితో మడిచి చూసి, పగుళ్ళు లేవు, ఇంకా బోలెడు నడుస్తుందని సర్టిఫికెట్ ఇచ్చేస్తాడు. గాడిలో పెట్టి అరుగుదల చూసే చిన్న ప్లాస్టిక్ గేజీలు ఉన్నాయి. టూల్‌బాక్సులో అవి తప్ప అన్నీ ఉంటాయి.

ఒంటి మీద మిగతా గుర్తులు దాచిపెట్టే రకం మీరు కాదు. అద్దంలా మెరుస్తుంటే జారి జారి కాలారన్నమాట. అంచు దారాలు దారాలుగా లేస్తే పుల్లీ వరుస తప్పిందన్నమాట. ఒక చోట మెత్తబడి, ఉబ్బి, వేలికి జిడ్డు తగిలితే పైనెక్కడో ఆయిలో కూలెంటో కారుతోంది. ఆ కారుడు ఆపకుండా కొత్త బెల్టు వేయడమంటే, ఆయిల్ కారకుండా ఆపాల్సిన ఆయిల్ సీలుకి ఇంకో బెల్టు నైవేద్యం పెట్టడమే.

ఇప్పుడు దోషుల వంతు. ఇక్కడ తిలా పాపం తలా పిడికెడు. అయినా పెద్ద పిడికిలి టెన్షనర్‌ది. లోపల స్ప్రింగుతో మిమ్మల్ని ఎప్పుడూ బిగువుగా పట్టి ఉంచడమే దాని ఉద్యోగం. స్ప్రింగు నీరసించినా మొహం మాత్రం మారదు. బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి దాని చేయి వైపు చూస్తే చాలు. సన్నగా కదలాలి. గజగజలాడుతోందంటే కుదుపుల్ని అణిచే దాని లోపలి డ్యాంపింగ్ అయిపోయినట్టు, లేదా ఇంకెవరో దాన్ని ఆడిస్తున్నట్టు. ఇంజన్ ఆపాక స్పానర్ పెట్టి తిప్పితే గట్టిగా, నున్నగా కదిలి, వదలగానే వెనక్కి రావాలి. మధ్యలో పట్టేసినా, గరగరమన్నా సెలవిచ్చేయాలి. చాలా టెన్షనర్ల ఒంటి మీద ముల్లూ, రెండు గీతలూ ఉంటాయి. ముల్లు ఆ గీతలు దాటిందంటే బెల్టు పొడవు సరిపోలేదనో, మార్చే వేళయిందనో తెలుస్తుంది. దుమ్ము తుడిస్తేనే కనబడతాయనుకోండి.

బెల్టు విప్పినప్పుడు, మీ దారి మళ్ళించడానికే ఉన్న ఐడ్లర్ పుల్లీలను ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూడాలి. శబ్దం లేకుండా తిరగాలి, అటూ ఇటూ ఊగకూడదు. ఇసుక నలిగినట్టు గరగరమంటే బేరింగ్ పోయినట్టే. ఇది చాలామంది చేయరు. చేతిలో కొత్త బెల్టు ఉండగా పాత పుల్లీని పలకరించడం నామోషీ.

ఆల్టర్నేటర్ సంగతి ఇంకా గమ్మత్తు. చాలా కార్లలో, ముఖ్యంగా డీజిల్ ఇంజన్లలో, దాని పుల్లీలో ఒక్క వైపే పట్టే క్లచ్ ఉంటుంది. ఇంజన్ వేగం ఉన్నట్టుండి తగ్గినా ఆల్టర్నేటర్ తన ఊపులో తిరుగుతూ మిమ్మల్ని లాగకుండా కాపాడుతుంది. అది బిగుసుకుపోతే ప్రతి కుదుపూ మీ మీదే. టెన్షనర్ వణికేదీ, మీరు అరిచేదీ దానివల్లే. శిక్షలు మాత్రం వరసగా పడతాయి: మొదట మీకు, తర్వాత టెన్షనర్‌కి, మళ్ళీ మీకు. క్రాంక్ పుల్లీ కూడా తక్కువది కాదు. దాని రెండు ఇనుప చుట్ల మధ్య రబ్బరు ఉంటుంది, అది విడిపోతే బయటి చుట్టు వంకర్లు పోతుంది. పెద్దమనిషి కదా, ఎవరూ అనుమానించరు.

బిగించడం గురించి రెండు ముక్కలు. మీ వీపు మీద 6పీకే1750 లాంటి అంకె ఉంటుంది. ఆరు రిబ్బులు, 1750 మిల్లీమీటర్ల పొడవు అని దాని భావం. దాదాపు అంతేలే అని పక్క సైజు వేయకూడదు. విప్పే ముందు, మీరు పుల్లీల మీదుగా వెళ్ళే దారి ఫోటో తీసుకుంటే చాలు. బానెట్ కింద స్టిక్కరు కూడా ఉండొచ్చు. ఇది తప్పితే పెద్ద కథే జరుగుతుంది. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపుని మీరు వీపుతో తిప్పుతారు. దారి తప్పి గాడుల వైపుతో తిప్పితే పంపు ఎదురు తిరుగుతుంది, ఇంజన్ కాగుతుంది, నింద రేడియేటర్ మీద పడుతుంది. ఒక్క గాడి పక్కకి జరిగి కూర్చున్నా అంచు చీలుకుంటూ పోతారు. ఇక స్క్రూడ్రైవర్‌తో ఎగదోసి ఎక్కించేవారికి నమస్కారం. పైన గీత కూడా పడదు, లోపలి దారాలు తెగుతాయి. టెన్షనరే లేని, సాగే రకం బెల్టులకు వేరే పనిముట్టు ఉంది. వాటిని విప్పాక తిరిగి వేయకూడదని కూడా చాలామందికి చెప్పాలి.

ఒకవేళ మీరు సహనం చచ్చి తెగిపోతే మా ప్రవర్తన ఎలా ఉంటుందో ముందే విన్నవిస్తున్నాను. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు వెలుగుతుంది. బ్యాటరీ సంగతి ఇంటికెళ్ళి చూద్దాం అంటాం. హైడ్రాలిక్ స్టీరింగ్ బండరాయిలా మొరాయిస్తుంది. టైర్లలో గాలి తగ్గిందేమో అంటాం. వాటర్ పంపు కూడా మీ మీదే ఆధారపడి ఉంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పాకుతుంది, ఇంకొంచెం దూరమేగా అంటాం. ఆ ఇంకొంచెం దూరంలోనే ఇంజన్ తలకీ ఒంటికీ మధ్య ఉండే అతుకు, హెడ్ గాస్కెట్, పోతుంది. చేయాల్సిందల్లా బండి పక్కకి తీసి ఇంజన్ ఆపడం. కొన్ని ఇంజన్లలో తెగిన మీ ముక్క క్రాంక్ పుల్లీకి చుట్టుకుని టైమింగ్ కవరులోకి కూడా దూరుతుంది, అప్పుడు బిల్లు చూసి అరిచేది మేం.

కనుక మీరు అరవడం తగ్గించుకోవాలని మా విన్నపం. మా వైపు నుంచి టెన్షనర్ మొహం చూస్తామనీ, ఐడ్లర్‌ని వేలితో తిప్పుతామనీ, ఆయిల్ సీలు సంగతి తేల్చాకే మీ వారసుణ్ణి పిలుస్తామనీ హామీ ఇస్తున్నాం. హామీలు ఇవ్వడంలో మాకు మంచి అనుభవం ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
సౌండు పెంచుకుని తిరుగుతున్న ఒక యజమాని

తా.క.: లోపల కవరు చాటున ఉండి, వాల్వులు వేళకి తెరుచుకునేలా చూసే మీ బంధువు టైమింగ్ బెల్టు గారికి ఈ ఉత్తరం చూపకండి. ఆయన మీలా అరవరు, చాలాసార్లు ఒక్క మాటైనా చెప్పకుండానే తెగిపోతారు. చాలా ఇంజన్లలో ఆ మరుక్షణం పిస్టన్లు వెళ్ళి వాల్వులను గుద్దుతాయి. ఆయనకు విడిగా రాయాలి. సర్వీసు పుస్తకంలో ఆయన్ని ఎన్ని కిలోమీటర్లకు, ఎన్నేళ్ళకు మార్చమన్నారో చూశాక రాస్తాను. పుస్తకం ఎక్కడ పెట్టామో వెతుకుతున్నాం.